గుర్రాలు దగ్గిన ఏడు

మొన్న మా మరదలు, తమ్ముడి భార్య రత్నం, హుకుంపేట నుంచి అరకులో మా ఇంటికి వచ్చింది. బస్సు కండక్టరును తిట్టుకుంటూ గుమ్మం ఎక్కింది. నాకు ఇష్టమని రెండు నాటుకోడి పెట్టలను బుట్టలో పెట్టి, పైన గుడ్డ కట్టి బస్సు దగ్గరికి వెళ్తే, ఆ కండక్టరు తలుపుకు అడ్డంగా నిలబడి, "కోళ్ళతో ఎక్కడానికి లేదమ్మా, బర్డ్ ఫ్లూ తిరుగుతోంది" అన్నాడట. మా రత్నం ఊరుకునే మనిషి కాదు. "నా కోళ్ళకేటి జొరం లేదు బాబూ. కావాలంటే సెయ్యేసి సూసుకో" అని బుట్టను అతని ముఖం దాకా ఎత్తిందట. బస్సంతా నవ్వింది గాని బుట్టకు చోటు దొరకలేదు. ఆ బస్సును పోనిచ్చి, కోళ్ళను మా తమ్ముడి చేత ఇంటికి తిప్పి పంపించి, తరువాతి బస్సులో ఒట్టి చేతులతో వచ్చింది.

నేను నవ్వుతూ విన్నాను గాని కండక్టరుది తప్పని అనలేదు. అరకులో కూడా ఆ వారమంతా అదే గొడవ. కింద మైదానంలో కోళ్ళ ఫారాల్లో జబ్బు పడిందని టీవీలో వచ్చిన దగ్గర్నుంచి, రోడ్డు పక్క బొంగులో చికెన్ అమ్మేవాళ్ళ పొయ్యిలు వెలగడం లేదు. కోసి తెచ్చిన పచ్చి వెదురు బొంగులు అలాగే గోడకు చేరవేసి ఉన్నాయి. కార్లలో వచ్చినవాళ్ళు దిగి, ఫోటోలు తీసుకుని, కాఫీ తాగి పోతున్నారు. రత్నం కాళ్ళు కడుక్కుని, టీ తాగి, కోపం చల్లారాక అసలు సంగతి బయటపెట్టింది.

"ఒదినా, కింద కోళ్ళన్నిట్నీ గోతుల్లో ఏసి కప్పెట్టేత్తన్నారంట కదా. మన కాడికి రాకముందే సంతలో అమ్మీసుకోవాలని ఊళ్ళో అందరూ అంతన్నారు. నానేటి సెయ్యాల? అమ్మీనా?"

"అమ్మొద్దు. కొనొద్దు కూడా. నీ కోళ్ళు నీ దొడ్లోనే ఉండాల. సంతలో మిగిలిపోయిన కోళ్ళు ఎవరూ మనూరికి తేకుండా సూడు. ఉన్నట్టుండి కోడేదైనా సచ్చిపోతే ముట్టుకోవద్దు, కోసుకు తినొద్దు. పశువుల డాక్టరుకి ఫోన్ సెయ్యి," అన్నాను.

"అంత బేగి సెప్పీసినావేటి? ఆలోసించుకోవా?" అంది.

ఆలోచించుకోవలసిన అవసరం నాకు లేకపోయింది. జబ్బు వస్తుందన్న భయంతో పశువును సంతకు తోలితే ఏమవుతుందో, జబ్బు పశువు చేత పని చేయిస్తే ఏమవుతుందో నేను చిన్నప్పుడే కళ్ళారా చూశాను. రత్నం మా ఇంటికి కాపురానికి రావడానికి చాలా ఏళ్ళ ముందు మాట అది. ఆ సాయంత్రం ఆమెకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు హుకుంపేట పైన కొండల్లో ఉంది. ఇప్పుడు ఊరి ముందు వాగు దాకా ఆటోలు వస్తున్నాయి. అప్పుడు రోడ్డు హుకుంపేటలోనే ఆగిపోయేది. అక్కణ్ణించి మా ఇంటికి కాలిబాట, అది కూడా వానాకాలంలో వాగు ఒప్పుకుంటేనే. మా అయ్య అప్పన్నకు రెండు గుర్రాలు ఉండేవి. గుర్రాలనగానే సినిమాల్లో రాజులెక్కే గుర్రాలను ఊహించుకోకండి. మా కొండ గుర్రాలు పొట్టివి, పొట్ట లావువి, జూలు ఎప్పుడూ చిక్కుపడి ఉండేది. కాళ్ళు మాత్రం మేక కాళ్ళలా రాళ్ళ మీద నిలిచేవి. మగదాని పేరు రాజు. ఆడదానికి నుదుటి మీద తెల్లమచ్చ, అందుకని చుక్క. కొండ మీద పండిన అల్లం, పసుపు, పిప్పళ్ళు, చింతపండు ఆ రెంటి వీపుల మీదే హుకుంపేట దిగేవి. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, గుడ్డలు వాటి మీదే పైకి ఎక్కేవి. మా ఇంటిదే కాదు, మా కొండ మీద ఉన్న ఊళ్ళన్నిటి కూరల్లోని ఉప్పు మా అయ్య గుర్రాలు మోసి తెచ్చినదే. ఆ సంగతి నేను బడిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడూ చెప్పుకుంటాను.

మా ఇంట్లో అందరికన్నా ముందు లేచేది మామ్మ, మా అయ్యను కన్నతల్లి. ఆమె తరువాత కోళ్ళు, కోళ్ళ తరువాత గుర్రాలు, ఆఖరున మేము. కోడి కూసి మామ్మను లేపడం నేనెప్పుడూ చూడలేదు, మామ్మే గంప మీద తట్టి పుంజును లేపేది. గంప ఎత్తి, పిడికెడు సామల తౌడు చల్లి, ఒక్కొక్క కోడినీ పట్టుకుని ముక్కు చూసి, రెక్క ఎత్తి చూసి వదిలేది. ఎండాకాలంలో కోళ్ళకు తెగులు పడడం మా వైపు మామూలే కనక, ముక్కు కారే కోడి కనిపిస్తే దాన్ని విడిగా బుట్ట కింద మూసేసేది. ఈలోగా అమ్మ గుర్రాలకు ఉలవలు ఉడకేసేది. ఆ ఉలవల వాసనా, గోడవార ఆరబెట్టిన పిప్పళ్ళ ఘాటూ, గుర్రాల వీపు మీద వేసే గోనె మెత్తల్లోంచి వచ్చే చెమట కంపూ కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. కళ్ళు మూసి తీసుకొచ్చి నిలబెట్టినా మా ఇల్లు ఇదేనని చెప్పగలిగేదాన్ని. అయ్య ఉలవల్లో వేలు పెట్టి, చల్లారాయని తేల్చుకున్నాకే గుర్రాల ముందు పెట్టేవాడు. మా గిన్నెల్లో గంజి ఎంత వేడిగా ఉందో మాత్రం ఏనాడూ చూడలేదని అమ్మ వేళాకోళం ఆడేది.

అయ్య సరుకంతా సత్యం షావుకారు కొట్టుకే వెళ్ళేది. ఆయన మాడుగుల వైపు నుంచి వచ్చి హుకుంపేటలో వ్యాపారం పెట్టుకున్న మనిషి. మోసగాడని ఎవరూ అనలేదు గాని ఆయనకు దేనికీ ఆగడం తెలియదు. మూట దింపకుండానే తూకం వేసేవాడు, తూకం అవకుండానే తరువాతి మూట పిలిచేవాడు, భోజనం నిలబడే చేసేవాడు. కొండెక్కి ఏ ఊరికి రావలసి వచ్చినా మా రాజు మీద కూర్చునే వచ్చేవాడు. మైదానం నుంచి ఉప్పు తెచ్చేది ఆయన జీపే. వానలు పట్టి ఘాట్ రోడ్డు తెగేలోగా ఆ ఉప్పు కొండెక్కకపోతే మాకు ఆ కాలమంతా చప్పిడి కూడే.

ఆ ఏడు వానలకు కాస్త ముందు, సంతకు ఎవరో మైదానం నుంచి గుర్రాలను తోలుకొచ్చారు. వాళ్ళ ఊరివైపు గుర్రాలకు ఏదో జబ్బు తగులుతోందని, అది తమవాటికి అంటకముందే అమ్మేసుకుందామని తెచ్చారట. ఆ సంగతి మాకు తరువాత తెలిసింది. నేను ఆవేళ అయ్యతోనే ఉన్నాను. ఒక గుర్రానికి ముక్కు కారుతోంది, కళ్ళలో ఊసులు. అయ్య దాని పళ్ళు చూసి, "మూడోది కొందావనుకున్నాను గానీ ఇది బాగులేదు" అని వదిలేశాడు. కొనకపోవడం ఒక్కటీ చాలదని మాకేం తెలుసు? సంతకు వచ్చిన కొండ గుర్రాలన్నీ ఒకే వరసన కట్టేసి ఉన్నాయి, ఒకే తొట్టిలో నీళ్ళు తాగాయి. ఎవరి ఊరికి వాళ్ళు పోయారు. వారం తిరిగేలోగా మా కొండ, అవతలి కొండ, దాని వెనక కొండ, అన్నిటి మీదా గుర్రాలు దగ్గడం మొదలుపెట్టాయి.

గుర్రం దగ్గు విన్నవాళ్ళు ఈ రోజుల్లో తక్కువ. మెడ ముందుకు చాచి, తల నేలకు వంచి, పొట్టలోంచి తెచ్చి దగ్గుతుంది. తడి లేని దగ్గు. లోయకు ఇటువైపు చుక్క దగ్గితే అటువైపు ఏదో గుర్రం జవాబు చెప్పినట్టు దగ్గేది. ఒళ్ళు కాలిపోయేది. మేత ముట్టవు, ఉలవలు పెడితే మూతి తిప్పేసుకునేవి. అయ్య వేపాకు, సాంబ్రాణి కలిపి పొగ వేశాడు. పొగకు దగ్గు ఇంకా ఎక్కువైంది. చుక్క నిలబడలేక గోడకు ఆనుకుంది. రాజు మాత్రం రెండు రోజులకు తల ఎత్తాడు, కాసిన్ని ఉలవలు తిన్నాడు. తవ్విన అల్లం అరుగు మీద కుప్పపోసి ఉంది. షావుకారు మనిషి చేత కబురు మీద కబురు. అమ్మ వద్దన్నా వినక, సగం బరువే కదా అని అయ్య రాజు మీద అల్లం వేసుకుని బయల్దేరాడు.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. గుర్రం మీద ఉండవలసిన గోనె మెత్త అయ్య భుజం మీద ఉంది. మాలో ఎవరికీ అడగవలసిన పని లేకపోయింది. మెత్తను గోడవార పెట్టి, చుక్క పక్కన నేల మీద కూలబడ్డాడు. అమ్మ గంజి తెచ్చి పెట్టింది, ముట్టలేదు. "దిగుడులో కూడా నడిసినాడు. ముక్కులోంచి నెత్తురు కారతన్నా నడిసినాడు. ఆగమంటే ఆగీవోడే. నానే ఆగమన్లేదు," అన్నాడు. మా అయ్య ఏడవడం నేను అప్పుడే చూశాను. గుర్రం కోసం మనిషి అంతలా ఏడుస్తాడని తెలియక, భయపడి మామ్మ వెనక దాక్కున్నాను. మామ్మ నన్ను వెనక్కి నెట్టకుండా, ముందుకు లాగి, "ఎల్లి మీ అయ్య కాడ కూకో" అంది. వెళ్ళి కూర్చున్నాను. ఒక పక్క అయ్య, ఒక పక్క చుక్క వేడి ఊపిరి.

ఇలా అక్కడా ఇక్కడా గుర్రాలు పోతున్నాయని కబురు పోయి, పశువుల డాక్టరు మా ఊరు వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి, మైదానం వాడు. కొండ నడిచి నడిచి చెప్పు తెగితే దాన్ని తాడుతో కట్టుకుని వచ్చాడు. గుర్రాలున్న వాళ్ళంతా మా ఇంటి ముందు చేరారు, సూది వేస్తాడని ఆశ. ఆయన చుక్కకు జ్వరం చూశాడు, ఛాతీకి గొట్టం పెట్టి విన్నాడు, పొగ కుండను అవతల పెట్టించాడు.

"ఇది ఫ్లూ. గుర్రాలకు వచ్చే ఫ్లూ. దీనికి నా దగ్గర మందు లేదు," అన్నాడు. "విశ్రాంతి ఇవ్వాలి. గడ్డి తడిపి వెయ్యండి, దుమ్ము లేకుండా. దగ్గు పూర్తిగా తగ్గాక కూడా ఇంకో నెల బరువు పెట్టకండి. జబ్బు చంపడం తక్కువ, జబ్బులో మోయిస్తే చస్తాయి."

జనం ముఖాలు మాడ్చుకున్నారు. "మందు లేదని సెప్పడానికా ఇంత దూరం వచ్చినావు బాబూ?" అని వెనక నుంచి ఎవరో అంటే నలుగురూ నవ్వారు. ఆ తరువాత ఆయనకు మా కొండ మీద మందులేని డాక్టరు అనే పేరు పడింది. మామ్మ మాత్రం నవ్వలేదు. ముందుకు వచ్చి, "బాబూ, ఇది నా కోళ్ళకి కూడా అంటుకుంటాదేటి?" అని అడిగింది.

"ఇది అంటదమ్మా. కోళ్ళకు వచ్చే ఫ్లూ వేరే ఉంది. ఇంటిపేరు ఒకటే, ఇళ్ళు వేరు అనుకో."

"మరి మనుసులకో?"

"మనుషులదీ అదే ఇంటిపేరు."

మామ్మ ఆ మాట విని అరుగు మీద కూర్చుండిపోయింది. డాక్టరుకు చోడి అంబలి పోసి పంపించాక, మా అయ్యను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇనుకో అప్పన్నా. నాను పళ్ళూడీ గుంటని. ఆ ఏడు మన కొండ మీద మనుసులు ఇలాగే దగ్గినారు. ఇలాగే ఒళ్ళు కాలీది. పీనుగుల్ని మొయ్యడానికి మనిసి లేడు. మాయయ్యకి జొరం తగ్గినట్టయింది. సేను కోతకొచ్చిందని లెగిసి ఎల్లినాడు. సేలోనే పడిపోనాడు. మాయమ్మకి లెగీ ఓపికే లేదు, సాప మీద తొంగునే ఉంది. అదే బతికింది. ఆ గుంటడు మందు లేదని ఉన్నమాట సెప్పినాడు. మందుందని సెప్పి రంగునీళ్ళు ఇచ్చీసి పోవచ్చు కదా? పోలేదు. అతను సెప్పినట్టే సేద్దాం. సుక్కని తొంగోనీ."

తన చిన్నతనం గురించి మామ్మ అంతకు ముందు మాకెప్పుడూ చెప్పలేదు. వాళ్ళ నాన్న అలా పోయాడన్నది మా అయ్యకే తెలియదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆమె మాటే చట్టం. మా ఊరి బాటకు అడ్డంగా ముళ్ళకంప వేయించి, బయటి గుర్రం లోపలికి రాకుండా, లోపలిది బయటికి పోకుండా కట్టడి పెట్టింది. గడ్డి తడపడం నా పని. వాగు నుంచి నీళ్ళు తెచ్చి గడ్డి మోపు మీద పోసి, పిండి, చుక్క ముందు వేసేదాన్ని. అది ఒక్కొక్క పోచ తీసుకుని, నమిలినంతసేపు నమిలి, నా వైపు చూసి మళ్ళీ దగ్గేది.

ఇంతలో అల్లం మెత్తబడసాగింది. మబ్బులు కమ్ముకొచ్చాయి. ఒకనాటి పొద్దున్న సత్యం షావుకారు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కాలినడకన! పంచె మోకాళ్ళ దాకా బురద, ముఖం జేగురు రంగు, ఆయాసంతో రొప్పుతున్నాడు. మోయడానికి గుర్రం లేక మొట్టమొదటిసారి మా కొండ తన కాళ్ళతో ఎక్కాడు. అమ్మ పీట వేస్తే కూర్చోకుండా, నిలబడే, "ఏరా అప్పన్నా, నా జీపు ఉప్పుతో కిందుంది. ఘాట్ తెగిపోతే మళ్ళీ రాదు. అల్లం దింపు, ఉప్పు ఎత్తుకో. ఒక్క ట్రిప్పు, ఒక్కటంటే ఒక్కటి. ఆడ గుర్రం నిలబడే ఉంది కదా," అన్నాడు. అయ్య తల దించుకున్నాడు. ఒక్క ట్రిప్పుకు ఏమవుతుందిలే అన్న ఆలోచన ఆయన మొహంలో కదలడం నాకు కనిపించింది. ఉప్పు లేకపోతే ఊళ్ళో అందరికీ జవాబు చెప్పుకోవలసింది ఆయనే.

మామ్మ పిప్పళ్ళ చాట పక్కన పెట్టి లేచింది.

"బాబూ, నువ్వేటి మోసుకొచ్చినావు?"

"నేనా? ఏటీ లేదు. గొడుగు."

"గొడుగు మోసినందుకే గుండి అలాగ ఎగిరెగిరి పడతంది నీకు. ఇలా రా."

ఆయన చెయ్యి పట్టుకుని, దూడను తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి, ఆ అరచేతిని చుక్క డొక్క మీద ఆనించింది. షావుకారు ముందు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. మామ్మ వదల్లేదు. ఆ డొక్కలో ఏం వినిపిస్తుందో నాకు తెలుసు, రోజూ చెవి పెట్టి వినేదాన్ని. మూత పెట్టిన కుండలో ఎసరు మరుగుతున్నట్టు ఉంటుంది. చుక్క ఒకసారి ఒళ్ళంతా కుదించుకుని దగ్గింది. షావుకారు చెయ్యి దగ్గుతో పాటు కదిలింది. ఇంకో దగ్గు వచ్చేదాకా ఆయన చెయ్యి అక్కడే ఉంచాడు. ఆయన దేనికోసమైనా అలా ఆగడం మా కొండ మీద ఎవరూ చూసి ఉండరు.

"దీన్ని దింపితే ఏటవుద్ది?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"రాజుకి అయ్యిందే అవుద్ది," అన్నాడు మా అయ్య. అంతవరకు ఎటూ తేల్చుకోలేకపోయిన మనిషి ఆ మాట అనేసరికి తేల్చేసుకున్నాడు.

"మరి నా అల్లం? మీ ఉప్పు?"

దానికి జవాబు మా అమ్మ చెప్పింది. "జొరం గుర్రాలకి గానీ మనకి లేదు కదా. మనమే మోద్దాం. ముందు ఉప్పు దింపించీ బాబూ, జీపుని తిప్పి పంపీకు. సరుకు మనుసులం నడిసినంత బేగే వత్తాది, గుర్రాలు నడిసినంత బేగి రాదు. దానికి నువ్వు ఒప్పుకోవాల."

షావుకారు ఒప్పుకున్నాడు. అంబలి తాగి, గొడుగు పట్టుకుని కొండ దిగాడు. మర్నాడు మా ఊరంతా బాట పట్టింది. మగవాళ్ళు కావిళ్ళతో, ఆడవాళ్ళు తల మీద గంపలతో. కొండకు అటువైపు చర్చి ఉన్న ఊరివాళ్ళు ఆదివారం ప్రార్థన అవగానే వచ్చి కలిశారు. వాళ్ళ కూరల్లోకీ అదే ఉప్పు కదా. నేను నా తలకు తగ్గ బుట్టతో అల్లం దింపి, ఉప్పు ఎక్కించాను. సన్న జల్లు పడుతుంటే గోనె తడిసి ఉప్పునీరు మెడ మీదుగా కారి, ఒరుసుకుపోయిన చోటల్లా మండేది. పిల్లలం అరిచేవాళ్ళం, పెద్దవాళ్ళు పాడేవారు. మా అయ్య అందరికన్నా ఎక్కువ మోసేవాడు. ఒకరు రెండు కుంచాలు మోస్తే ఆయన గుర్రానికి వేసినంత వేసుకునేవాడు. తగ్గించుకోమని ఎవరూ అనలేదు. ఎందుకలా మోస్తున్నాడో అందరికీ తెలుసు. అల్లం కొంత కుళ్ళిపోయింది గాని ఎక్కువ భాగం దిగింది. ఘాట్ తెగేనాటికి ఉప్పంతా కొండ మీద ఉంది.

అసలు కష్టం తరువాత వచ్చింది. వానల్లో చుక్క దగ్గు తగ్గింది. మేత తింది, ఒళ్ళు నునుపు తేలింది, నన్ను చూసి సకిలించింది కూడా. అవతలి కొండ వాళ్ళు తగ్గిపోయిందనుకుని తమ గుర్రాలకు బరువులు వేసేశారు. ఒకటి వాగులో పడిపోయింది, ఇంకొకటి సంతకు వెళ్ళి రాలేదు. ఆ కబుర్లు వింటూనే మా అయ్య చేతులు ఊరుకోక గోనె మెత్త దులిపేవాడు. మామ్మ దాన్ని లాక్కుని, దాని మీదే కూర్చుని పిప్పళ్ళు ఏరేది. "దగ్గు ఆగింది. లోపల జొరం ఎల్లిపోయిందని నీకు సెప్పిందేటి అది?" అనేది. డాక్టరు మరోసారి వచ్చి, గొట్టం పెట్టి విని, ఇక పనికి పంపవచ్చని చెప్పేదాకా ఆవిడ ఆ మెత్త మీంచి లేవలేదు. మా కొండ మీద, ఆయన చెప్పినట్టు నడుచుకున్న ఇళ్ళలో గుర్రాలన్నీ దక్కాయి. మందులేని డాక్టరనే పేరు మాత్రం పోలేదు. కాకపోతే ఆ పేరుతోనే ఆయనను పెళ్ళిళ్ళకు పిలిచేవారు.

ఇప్పటి సంగతి వేరు. మంచికే వేరయింది, నాకు అందులో అనుమానం లేదు. గుర్రాల ఫ్లూకు టీకా ఉంది. మైదానంలో ఓ ఫారంలో కోళ్ళు చస్తే సాయంత్రానికి మా రత్నానికి తెలుస్తోంది. కోళ్ళ ఫ్లూ అప్పుడప్పుడు ఇల్లు మారి మనుషుల దాకా వస్తుందని కూడా ఇప్పుడు అందరికీ తెలుసు. తెలియకపోవడం వల్ల పోయిన రాజును తలుచుకున్నప్పుడు, ఆ రోజులే బాగుండేవని నా నోటితో అనలేను. అయితే తెలిశాక ఏం చేస్తున్నాం అని చూస్తే మాత్రం మనం పెద్దగా ఎదగలేదనిపిస్తుంది. భయం రాగానే సంతకు తోలేద్దామన్న ఆలోచనే ముందు వస్తోంది. జ్వరం మాత్ర వేసుకుని ఆఫీసులకు పోతున్నారు. పడుకుంటే ఎవరో ఏదో అంటారని కూర్చునే దగ్గుతున్నారు.

చుక్క మళ్ళీ పనిలోకి దిగిన రోజు నేను అయ్యతో వెళ్ళాను. ఎండ కాస్తోంది, బాట పక్క వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. అయ్య దాని మీద సగానికి సగం బరువే వేశాడు, మిగతాది తన కావిట్లో. ప్రతి మలుపులో ఆపి డొక్కకు చెవి ఆనించాడు. హుకుంపేట చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఎప్పుడూ కొట్టు లోపలి నుంచే కేకలు వేసే షావుకారు మమ్మల్ని చూసి వీధిలోకి వచ్చాడు. ఆలస్యం గురించి మాట లేదు. మూటను తనే పట్టి దింపాడు. నాకు గుర్తున్నంతవరకు ఆయన సొంత చేతులతో మూట దింపడం అదే మొదలు. బెల్లం ముక్క తెచ్చి చుక్క మూతి దగ్గర పెట్టి, అది నాకుతుంటే చెయ్యి తీయకుండా నిలబడి, మా అయ్య వైపు చూడకుండానే అన్నాడు. "రేపు రాకురా అప్పన్నా. ఎల్లుండి రా."

తరువాత నేను చదువుకుని టీచర్నయ్యాను. ఉద్యోగమంతా ఈ కొండల్లోని ఆశ్రమ పాఠశాలల్లోనే గడిచింది. "ఎల్లుండి రా" అన్న ఆ మాట నాతో చెప్పిన పై అధికారులు తక్కువే గాని, నేను మాత్రం లెక్కలేనంతమందితో అన్నాను. ఒకసారి సెలవుకు ఇంటికి వెళ్ళి, ఊరి నుంచి నడిచి వచ్చిన పదో తరగతి పిల్ల బెంచీ మీద తల పెట్టుకుని ఉంటే నుదురు ముట్టుకుని చూశాను. కాలిపోతోంది. లేపి హాస్టల్ గదికి తీసుకెళ్ళి చాప పరిచాను. "రేపు మీ యూనిట్ పరీచ్చ ఉంది టీచర్, సదవాల," అంటూ లేవబోయింది. "నీకు రేపు లేదు. ఎల్లుండి నేను విడిగా పెడతాను," అన్నాను. నిజమా అన్నట్టు చూసింది. ఏ ప్రశ్నలు ఇస్తానో కూడా చెప్పబోతున్నాను. అప్పటికే నిద్రపోయింది.